మా అత్త చేనులో కలుపు ప్యాకేజీ

మా మేనత్త సాయమ్మ బుడ్డల చేనును నేను ఒక్క పూటలో నాశనం చేశాను. గొర్రెల మందను తోలలేదు. మోటారు కాలబెట్టలేదు. చూపించడానికి పీకిన రెండు మొక్కలు తప్ప నా చేత్తో మూడో మొక్కను ముట్టలేదు కూడా. నవ్వుతూ, పాటలు పాడుతూ, ఫొటోలు దిగుతూ ఒక బస్సెడు మంది చదువుకున్నవాళ్లు ఆ పని నా కోసం చేసిపెట్టారు. చేయించినందుకు నాకు చప్పట్లు కూడా కొట్టారు. ఇంత శ్రద్ధగా, ఇంత మర్యాదగా పంట పాడవడం మా జిల్లాలో అంతకుముందెన్నడూ జరగలేదని నా నమ్మకం.

బుడ్డలంటే వేరుశనగలు. మా పాలమూరు దిక్కు బుడ్డలనే అంటాం. ఇక మేనత్త అంటే ఉత్త మేనత్త కాదు, నాకు పిల్లనిచ్చిన అత్త కూడా ఆమే. అంటే నన్ను తిట్టడానికి ఆమెకు రెండు వైపుల నుంచీ హక్కుంది. రెండు వైపుల నుంచీ వాడుకుంటుంది కూడా.

మా ఊరు కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డున ఉంటుంది. ఇదివరకు మా ఊళ్లో ఇద్దరు మనుషులు ఎదురైతే "వానెప్పుడు వడ్తదో" అనుకునేవారు. ఇప్పుడు "ఈ శనివారం ఎన్ని కార్లొస్తయో" అనుకుంటున్నారు. హైదరాబాదు వాళ్లకు మా నీళ్లు నచ్చాయి. మొదట ఎవరో వచ్చి ఒడ్డున గుడారం వేసుకుని పడుకుని వెళ్లారు. వాళ్లు పెట్టిన ఫొటోలు చూసి ఇంకొందరు వచ్చారు. ఆ తర్వాత ఊళ్లో సగంమంది గుడారాలు కొన్నారు, మిగతా సగంమంది ఆ గుడారాల దగ్గర చాయ్ అమ్మడం మొదలుపెట్టారు. కొల్లాపూర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడవక మూసేసిన నేను కూడా నాలుగు గుడారాలు, ఒక పెద్ద పొయ్యి పెట్టుకుని ఒడ్డు మీద కూర్చున్నాను. నా స్నేహితుడు ఖాజా మరపడవ తిప్పుతాడు. నా భార్య మంజుల జొన్నరొట్టెలు చేస్తుంది. మా కడుపులు నిండుతున్నాయి.

మా అత్త కడుపు కూడా నిండింది. అన్నంతో కాదు, కోపంతో.

"ఓరి శీనుగా, మీ గుడారాలు పాడుగాను! కలుపు తియ్య ఒక్క మనిషి దొరుకుతలేదు గదరా," అని ఒక పొద్దున మా పొయ్యి దగ్గరకొచ్చి నిలబడింది. "ఎవ్వరిని పిలిచినా రొట్టెలు చెయ్య పోత, గిన్నెలు తోమ పోత అంటున్నరు. నీడపట్టున పని దొరికినంక ఎండల వంగుతరా? నా చేన్ల తంటెం మోకాళ్లకొచ్చింది."

తంటెం అంటే ఒక కలుపు మొక్క. దాని ఆకు బుడ్డల ఆకు లాగే ఉంటుంది. పువ్వు కూడా పసుపే. ఈ పువ్వు సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

"జర ఆగత్తా, నేను చూస్త గద," అన్నాను.

"నువ్వు చూస్తే ఏం పోతది? తంటెం నిన్ను జూసి భయపడి పోతదా?"

ఆ మాట నన్ను పొడిచింది. ఆ రోజంతా అదే ఆలోచించాను. ఆలోచించడం నా ఆరోగ్యానికి పడదని మంజుల పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. అయినా ఆలోచించాను. పక్క గుడారాల వాళ్ల దగ్గర తెడ్డు పడవలున్నాయి, తాళ్ల మీద వేలాడే ఆటలున్నాయి. నా దగ్గర రొట్టెలు తప్ప ఏమీ లేవు. వచ్చేవాళ్లేమో "ఇక్కడ పల్లెటూరి అనుభవం ఏమైనా ఉంటుందా?" అని అడుగుతున్నారు. ఇటు అత్తకు మనుషులు దొరకడం లేదు. అటు మనుషులకు పని దొరకక హైదరాబాదు నుంచి కార్లేసుకుని వస్తున్నారు.

"కలుపు తీసే ప్యాకేజీ!" అని సాయంత్రం ప్రకటించాను.

ఖాజా తాగుతున్న చాయ్ ఆపి నా దిక్కు చూశాడు. "అరె శీనన్నా, పైసలిచ్చి ఎవడన్న కలుపు తీస్తడా?"

"పైసలిచ్చి నీ పడవల కూసోని ఉత్తగ తిరిగి మళ్ల ఆడికే వస్తలేరా?"

ఖాజా మళ్లీ చాయ్ ఎత్తుకున్నాడు. మంజుల మాత్రం ఊరుకోలేదు.

"మా అమ్మ చేన్ల నీ ఆటలేంది? ఆమెకు చెప్పినవా?"

"చెప్తే వద్దంటది. చేసి చూపిస్తే సంబురపడ్తది. ఎట్లాగు మల్దకల్ తిమ్మప్ప దర్శనానికి పోతున్నదాయె. వచ్చేసరికి చేను అద్దం లెక్క ఉంటది."

"ఏమో అయ్యా. నాకైతే తెల్వదు, నన్ను అడగొద్దు," అని మంజుల రొట్టె మీద గట్టిగా ఒకటి చరిచింది. ఆ దెబ్బ రొట్టెకు కాదని నాకప్పుడే తెలియాల్సింది.

ఆ వారమే హైదరాబాదు నుంచి శ్రావ్య అనే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల ఆఫీసు వాళ్లందరినీ తీసుకొస్తానని, ఏదైనా కొత్తగా కావాలని అంది. నా ప్యాకేజీ చెప్పాను. ఆ పిల్ల ఫోన్‌లోనే కేకేసింది. "వావ్! సాయిల్‌తో కనెక్ట్ అవ్వడం! మేము రెండు టీములుగా పోటీ పెట్టుకుంటాం అన్నా!"

పోటీ అన్నప్పుడే నేను అనుమానపడాల్సింది. మా ఊళ్లో కలుపు తీయడానికి పోటీ పడ్డవాళ్లు నాకు తెలిసి లేరు. తప్పించుకోవడానికే పోటీ ఉంటుంది.

అనుకున్నట్టే అత్త మల్దకల్ బస్సెక్కింది. మర్నాడు పొద్దున శ్రావ్య బృందం దిగింది. పెద్ద పెద్ద టోపీలు, నల్ల కళ్లద్దాలు, ముఖాల నిండా తెల్లటి మలాము. మా అత్త చేను గట్టు మీద వాళ్లు వరసగా నిలబడితే కొత్త రకం కొంగలు దిగినట్టుంది. నేను చేనులో నిలబడి, బెత్తం పట్టుకున్న పంతులులా గొంతు సవరించుకున్నాను. ఒక బుడ్డ మొక్క పీకి కుడి చేత్తో పట్టుకున్నాను. ఒక తంటెం మొక్క పీకి ఎడమ చేత్తో పట్టుకున్నాను. శ్రావ్య ఎదురుగా నిలబడి వీడియో తీస్తోంది. వీడియో అనేసరికి నాకు ఎక్కడలేని ఊపు వచ్చింది. కడుపు లోపలికి పీల్చాను.

"చూడుండ్రి, రెండు ఒక్క తీర్గనే కనవడ్తయ్. మోసపోవద్దు. ఎడమ దిక్కుది కలుపు. కుడి దిక్కుది పంట."

"ఎడమ వైపుదేనా అన్నా పీకాల్సింది?"

"ఎడమ దిక్కుదే. అది కండ్ల వడ్తే కనికరం వద్దు. ఏర్లతోని సహా రావాలె!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆ రెండు మొక్కలనూ సినిమాలో లాగా వెనక్కి విసిరేసి, చేతులు దులుపుకుని, "ఇగ కానియ్యుండ్రి!" అన్నాను.

మీలో తెలివైనవాళ్లు ఈపాటికి నుదురు కొట్టుకుని ఉంటారు. ఎదురుగా నిలబడినవాళ్లకు నా కుడి చెయ్యి ఎడమ దిక్కున ఉంటుంది. ఇది చిన్న పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ కడుపు లోపలికి పీల్చి నిలబడినప్పుడు మనిషికి అన్ని విషయాలూ గుర్తుండవు.

చేనులో ఉండి చూసుకుంటే సరిపోయేది. కానీ వాళ్లకు మధ్యాహ్నం చేపలు కావాలి. అవతలి ఒడ్డున జాలర్ల దగ్గర పెద్ద చేపలు పడ్డాయని ఖాజా చెప్పాడు. ఇద్దరం పడవెక్కి పోయాం. నది మధ్యలో ఉండగా శ్రావ్య ఫోన్.

"అన్నా, కలుపుకు పసుపు పూలున్నాయి. పీకేయమంటారా?"

తంటేనికి పూలొచ్చాయంటే కాయ పట్టి గింజ రాలుతుంది. "పూసినయైతే ముందుగాల్ల పీకుండ్రి! ఒక్కటి గూడ ఇడ్సిపెట్టొద్దు!" అని అరిచాను.

అవతలి ఒడ్డుకు చేరాక మళ్లీ ఫోన్. ఖాజా ఇంజను ఆపలేదు, దడదడమంటోంది.

"అన్నా, భలే ఉంది! అన్నీ వరసగా ఉన్నాయి!"

"వరసగనే పోవాలమ్మా! ఎవ్వరు వరస తప్పొద్దు!"

కలుపు వరసగా మొలవదు. దేవుడు కలుపుకు ఆ గుణం ఇవ్వలేదు. వరసగా మొలిచేది, గొర్రు పట్టి విత్తిన పంట. ఈ సంగతి తట్టాల్సిన చోట నాకు మనుషులు వరసగా నిలబడి పనిచేస్తున్న దృశ్యం తట్టింది. కళ్లు కూడా చెమర్చాయి.

చేపలు బేరం చేస్తుండగా మూడోసారి ఫోన్. "అన్నా, వీటి మొదట్లో సూదుల్లాగా ఏవో నేలలోకి దిగి ఉన్నాయి. గట్టిగా పట్టుకున్నాయి. రావడం లేదు."

"ఊపి ఊపి గుంజుండ్రి. కలుపంటే గంతే తల్లీ, మొండిది."

ఆ సూదులు బుడ్డల ఊడలు. వాటి కొసకే కాయ పడుతుంది. నేను వాటిని ఊపి ఊపి గుంజమన్నాను. నోటితో. స్పష్టంగా. నెట్‌వర్క్ కూడా ఆ ఒక్క మాటప్పుడే బాగా పనిచేసింది.

మేము తిరిగి వచ్చేసరికి ఒడ్డు పక్కనే ఉన్న చేను గట్టు మీద పచ్చటి కుప్పలు కొండల్లా పడి ఉన్నాయి. ఖాజా పడవ దిగుతూనే ఆగిపోయాడు.

"శీనన్నా."

"చూసినవా! అర్ధపూటల ఎంత పని జేసిండ్రో!"

"శీనన్నా, ఆ కుప్ప బుడ్డలది."

"పిచ్చోనివా? తంటెమది. రెండు ఒక్క తీర్గ..."

దగ్గరకు పోయాను. కుప్ప మీద తెల్లటి పిందెలు నన్ను చూసి పళ్లికిలించాయి. చేను వైపు చూశాను. మూడో వంతు చేనులో బుడ్డ మొక్క అన్నది లేదు. తంటెం మాత్రం మహారాజులా నిలబడి గాలికి ఊగుతోంది. దాని మొదళ్లు తడిగా ఉన్నాయి. ఒక కుర్రాడు నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి, "అన్నా, పంటకు ఎండ ఎక్కువగా ఉందని మా వాటర్ బాటిళ్లలో నీళ్లు పోశాం," అన్నాడు.

"తంటేనికి నీళ్లు పోసిండ్రా?"

"రెండు టీములు కూడా!"

నేను గట్టు మీద కూలబడ్డాను. సంగతేమిటో ఖాజా చెప్పాడు. శ్రావ్య ముఖం మీది తెల్ల మలాము ఇంకా తెల్లబడింది. "కానీ మీరే ఎడమ అన్నారు కదా అన్నా!" అని వీడియో తీసి చూపించింది. అందులో నేను కడుపు లోపలికి పీల్చి, రెండు చేతులూ ఎత్తి, కనికరం వద్దని చెబుతున్నాను. మనిషి తన తెలివితక్కువతనాన్ని అంత దగ్గర నుంచి, అంత వెలుతురులో చూసుకోకూడదు.

పాపం, వాళ్లు మంచి పిల్లలు. ఎవరూ పారిపోలేదు. "మళ్ళీ నాటేద్దాం!" అని ఒకరన్నారు. అందరూ కుప్పల మీద పడ్డారు. ఒకరు వేలితో గుంట చేస్తే ఇంకొకరు మొక్కను గుచ్చుతున్నారు, మరొకరు నీళ్లు పోస్తున్నారు. కొందరు మొక్కలకు ధైర్యం కూడా చెబుతున్నారు. పీకిన బుడ్డ మొక్క మళ్లీ బతకదని నాకు తెలుసు. కానీ ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే ఏదో ఒకటి చేయడం నయమనిపించి నేనూ ఒక కట్ట పట్టుకుని గుచ్చడం మొదలుపెట్టాను. అత్త రేపటికి గానీ రాదు. ఈలోగా ఏ అడవిపందుల మీదికో తోసేద్దామని లోపల ఒక ఆశ.

అప్పుడే గట్టు అవతల ఒక ఆటో ఆగింది. వనపర్తి దాకా బంధువుల కారు దొరికిందట, ఒక రోజు ముందే వచ్చేసింది. చేతిలో ప్రసాదం సంచి, ముఖాన ఇంత బొట్టుతో అత్త దిగింది. నేను తంటెం మొక్క చాటున దాక్కోబోయాను. అది మోకాళ్ల ఎత్తే ఉంది.

అత్త ముందు నన్ను చూడలేదు. దగ్గర్లో వంగి ఉన్న శ్రావ్యను చూసింది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"నాటుతున్నాం ఆంటీ."

"ఏం నాటుతున్నరు?"

"బుడ్డలు."

"బుడ్డలు నేను ఏస్తి గద మొన్ననే!"

"అవునాంటీ. మేము పీకేశాం. అందుకని నాటుతున్నాం."

అత్త చేనంతా ఒకసారి చూసింది. కుప్పలు చూసింది. తడిసిన తంటెం చూసింది. సంచి కింద పెట్టింది. కొంగు నడుముకు చుట్టింది. ఆ కొంగు చుట్టడం చూసి ఖాజా మెల్లగా పడవలోకి వెళ్లి ఇంజను దగ్గర ఏదో మరమ్మతు పెట్టుకున్నాడు.

"ఒరేయ్ శీనుగా! ఏడున్నవ్రా? ఇట్ల రా! పంది నయం గదరా నీకంటె! పందికి గూడ ఒక తెలివుంటది. కాయ పట్టినంక వస్తది, తిన్నంత తిని పోతది. నువ్వేందిరా, పిందెలున్నప్పుడే మందిని దోల్కొచ్చి పీకిస్తివి! తినంగ పోయినా నాకింత బాధ లేకుండె. ఎవ్వని కడుపుల వడ్డయిరా ఇవి?"

"అత్తా, ఎడమ చెయ్యి..."

"ఏం చెయ్యిరా? నీకు చేతులెందుకిచ్చిండో దేవుడు! మీ నాయన గిట్లనే పుట్టిండు, ఆయనను జూసి నువ్వు పుట్టినవ్! నా బిడ్డనిచ్చి నేను మునిగిన. ఈ చేనన్న మిగిలిందనుకుంటి!"

నిజం చెప్పాలంటే ఆ మాటల మధ్యలో ఆమె ఒకచోట ఆగి కుప్ప మీదికి వంగింది. ఒక పిందెల మొక్కను చేతిలోకి తీసుకుని మట్టి దులిపింది, పసిపిల్ల తల తుడిచినట్టు. అప్పటిదాకా కుంటి సాకులు వెతుకుతున్న నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఈలోపు ఊరు చేరింది. మా ఊళ్లో కేక వినబడితే మనుషులు రావడానికి ఎక్కువ సేపు పట్టదు. కానీ వచ్చినవాళ్లు చేను సంగతి మాట్లాడితే కదా!

"నేను ముందుగాల్నే చెప్పిన, ఈ గుడారాలతోని పరేషానే అని," అన్నాడు బర్రెల నర్సింలు. "బర్లు నీళ్లకు పోయే తొవ్వల కార్లు పెడ్తున్నరు. నా బర్రె ఒక కారు చూసి రెండు దినాలు పాలియ్యలే."

"సీసలు పలగ్గొట్టి పోతున్నరు. మొన్న నా కాల్ల గుచ్చుకున్నది," అని ఇంకొకాయన కాలెత్తి చూపించాడు.

"పాటల డబ్బాలు బందువెట్టియ్యాలె!"

"రోడ్డెప్పుడేస్తరట?"

"చేపల ధర పెంచింది ఎవరంటున్నా?"

అత్త రెండు చేతులూ ఎత్తింది. "అయ్యా, నా చేను సంగతి మాట్లాడుండ్రయ్యా! చేన్ల నిలవడి రోడ్డు ముచ్చటేంది!" ఎవరూ వినలేదు. అప్పుడు మా అత్త పూనకం వచ్చినదానిలా ఊరి మీద పడింది. నర్సింలును, అతని బర్రెను, కాలెత్తినాయనను, కార్లను, రోడ్డును, చేపలను, ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి కడిగేసింది. హైదరాబాదు పిల్లలు నాటడం ఆపి, గట్టు మీద వరసగా కూర్చుని, నోళ్లు తెరుచుకుని విన్నారు. శ్రావ్య చేతిలో ఫోన్ పైకే ఉందని నేనప్పుడు పట్టించుకోలేదు.

వెళ్లేముందు ఆ పిల్లలందరూ అత్తకు దండం పెట్టి, తలా ఇంత పోగేసి ఆమె చేతిలో పెట్టారు. అత్త వద్దంది. మంజుల తీసుకుంది. నాటిన మొక్కలు ఎండిపోయాయి. ఆ జాగాలో అత్త కొత్తిమీర చల్లింది. మిగిలిన చేనులో తంటెమంతా నేనొక్కడినే పీకాను. పొద్దున్నే గట్టు మీద అత్త కూర్చునేది. నేను ఒక్కో మొక్కా ఎత్తి చూపించాలి. ఆమె "ఊఁ" అంటేనే పీకాలి. నడుం పట్టేసి దవాఖానకు పోతే, డాక్టరు "ఏం పని చేస్తారు?" అని అడిగాడు. "టూరిజం" అన్నాను. నమ్మలేదు.

కొన్నాళ్లకు శ్రావ్య మళ్లీ ఫోన్ చేసింది.

"అన్నా, మా ఆఫీసులో ఇంకో బృందం వస్తామంటోంది."

"కలుపు ప్యాకేజీ బందువెట్టినమమ్మా."

"కలుపు వద్దన్నా. చేపలు కూడా ఎలా ఉన్నా పర్లేదు. ఆంటీ ఉంటారా?"

"ఏ ఆంటీ?"

"మీ అత్తయ్యగారు. ఆరోజు వీడియో ఆఫీసులో అందరూ చూశారు. పల్లెటూరి అనుభవం అంటే అదేనంటున్నారు. మా మేనేజరుగారైతే రెండుసార్లు చూసి, వాళ్ల అమ్మ గుర్తొచ్చిందని కళ్లు తుడుచుకున్నారు. తిట్లు ప్యాకేజీలోనే ఉంటాయా అన్నా, విడిగా చెప్పాలా?"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎంత కష్టపడి జొన్నరొట్టెలు పెట్టాం! ఎంత అందంగా దీపాలు కట్టాం! జనానికి నచ్చింది నన్ను పందితో పోల్చడమా? అయినా వ్యాపారం వ్యాపారమే. భయపడుతూ భయపడుతూ వెళ్లి అత్తకు చెప్పాను. అత్త కొత్తిమీర కట్టలు కడుతోంది. ఇంకో కట్ట అందుకుంది.

"ఎంతమందొస్తరట?"

"బస్సెడు మంది."

"అంతమందిని ఉత్తగ ఎట్ల తిడ్తరా? వాళ్లు నాకేం అన్యాలం జేసిండ్రు? మన ఇంటికొచ్చిన పిల్లలాయె." కట్ట ముడి వేసి, నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది. "ఒక పని జేద్దాం. వాళ్లు కుర్చీలల్ల కూసోని ఇంటరు. నేను నిన్ను తిడ్త. నీకైతే కారణం ఎతుక్కునే పనుండదు."

మంజుల లోపల్నుంచి, "నేను గూడ వస్త అమ్మా," అంది.

అప్పటి నుంచి శనివారం శనివారం మా దగ్గర అదే జరుగుతోంది. కుర్చీలు నిండుతున్నాయి. పక్క గుడారాల వాళ్లు కూడా ఒక అత్తను వెతుక్కుంటున్నారని విన్నాను, దొరకడం లేదట.

కృష్ణమ్మలో నడుం దాకా దిగి, ఒంటిగా, నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఏది పంటో ఏది కలుపో ఈ జన్మలో ఎవరికీ చూపించను. ఫోన్‌లో సలహా చెప్పను. ముఖ్యంగా, ఆలోచించను. ఈ ప్రతిజ్ఞను పైకి అనకుండా మనసులోనే చేసుకున్నాను. అత్త చెవిన పడితే, దాన్ని కూడా కుర్చీలు వేసి జనం ముందు చేయిస్తుంది.